నాలుగో పిలుపు

చీరాల పక్కన నేతపేటలో రోశయ్య ఇల్లెక్కడని అడిగితే ఎవరూ తలుపు నంబరు చెప్పేవారు కాదు. "ఆ కూతుర్ని పిలుస్తుంటాడే, ఆయనేనా?" అని ఎదురడిగి, మూడో సందు చూపించేవారు. ఇప్పుడెవరూ అలా అడగరు. మనిషి పోయి ఎనిమిది నెలలైంది.

గుంట మగ్గం మీద కూర్చున్నవాడి సంగతి తెలియనివాళ్లకి ఆ పిలుపుల సంగతి అర్థం కాదు. కాళ్లు గుంటలో ఉంటాయి, ఒడికి అడ్డంగా నేసిన చీర చుట్టుకునే కర్ర ఉంటుంది. ఒకసారి అందులో దిగితే మళ్ళీ అన్నం వేళకే లేవడం. చేతులూ కాళ్లూ పనిలో ఉంటాయి, నోరొక్కటే ఖాళీ. అందుకని రోశయ్య పూటకి పదిసార్లయినా ముందుగదిలోంచి "అమ్మాయ్!" అని కేకేసేవాడు. లోపల్నుంచి సౌజన్య "ఆఁ నాన్నా!" అనేది. "ఏంటి?" అంటే "ఏం లేదు, ఊరికే" అనేవాడు. మళ్ళీ నాడె పోగుల మధ్య అటూ ఇటూ పరిగెత్తేది. ఇంట్లో మనిషి ఉందని తెలిస్తే చాలు ఆయనకి.

పిలిచేది కూతుర్నే. పెళ్లాన్ని పేరు పెట్టి పిలవడం ఆ పేటలో ఆయన ఈడువాళ్లకి అలవాటు లేదు. మంచినీళ్లు కావాలన్నా "అమ్మాయ్, మీ అమ్మని నీళ్లు తెమ్మను" అనేవాడు, ఆవిడ పక్కనే కూర్చుని రాట్నం మీద నూలు కండెలు చుడుతున్నా సరే. మాణిక్యమ్మ అనే పేరు రేషన్ కార్డులో ఉండేదే తప్ప, ముప్ఫై ఏళ్లుగా ఆ ఇంట్లో ఆ పేరుతో ఎవరూ లేరు.

సౌజన్య కంప్యూటర్ డిగ్రీ చదివింది. గుంటూరులో ఒక సంస్థ పల్లెటూళ్లలో ఫోన్లు కొనుక్కున్నవాళ్లకి ఆన్‌లైన్లో పాఠాలు చెప్పిస్తుంటే అందులో చేరి, వంటింటి పక్కగదిలో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చునేది. కంప్యూటర్ పాఠాలు చెప్పేవాళ్లలో ఒక రకం ఉంటారు. అర్థం కాని మాటకి ఇంకో అర్థం కాని మాట చెప్పి, అర్థమైందా అని గద్దిస్తారు. సౌజన్య కూడా ఆ రకమే అయ్యేది. రోశయ్య కానివ్వలేదు. ఏ పాఠమైనా ముందు మగ్గం పక్కన పీట వేసుకుని తండ్రికి చెప్పాల్సిందే. ఆయనకి ఎక్కకపోతే ఆ పాఠం తిరగరాయాల్సిందే.

"వీడియోని ముక్కలు చేసి పంపుతారా? ముక్కలు చేస్తే ఇంకేముంటుందే?" అన్నాడు మొదటిరోజు.

"నువ్వు మాత్రం నూలంతా ఒక్కసారే నేస్తున్నావా నాన్నా? అమ్మ చిన్న చిన్న కండెలు చుట్టిస్తే ఒక్కొక్కటే నాడెలో పెట్టుకుని నేస్తున్నావు. ఇదీ అంతే. ప్యాకెట్ అంటే కండె. ఒక్కో కండె మీద ఎవరింటికి పోవాలో, వరసలో ఎన్నోదో రాసి ఉంటుంది. అవతల ఫోన్ వాటిని వరసగా పెట్టి నేసుకుంటుంది."

"దార్లో ఒక కండె పడిపోతే?"

"అది రాలేదు, మళ్ళీ పంపమని అడుగుతుంది."

రోశయ్య నాడెలో కొత్త కండె పెట్టుకుంటూ "మంచి పద్ధతే" అన్నాడు. ఆయన నోట ఆ మాట వస్తే పాఠం ఖాయమైనట్టే.

అలాగే బ్యాండ్‌విడ్త్ అంటే బట్ట పన్నె, అంటే అడ్డం కొలత, అయింది. పన్నె వెడల్పయితే ఒక్క వరసలో ఎక్కువ పోగులు పడతాయి. నెట్ స్లోగా ఉందంటే ఇరుకు పన్నె మీద ఇంటిల్లిపాదీ ఒకేసారి నేస్తున్నారన్నమాట. ఐపీ అడ్రస్ అంటే తలుపు నంబరు. ఆ నంబర్లు ఎవరికీ గుర్తుండవు కాబట్టి, పేరు చెబితే నంబరు చూసి చెప్పే పెద్దమనిషి ఒకడు ఉంటాడు, వాడు డీఎన్‌ఎస్. రౌటర్ ఏమో సందు మొదట్లో నిలబడి, ఏ కండె ఏ ఇంటికో చూసి పంపించేవాడు. ఇవన్నీ తండ్రీకూతుళ్లు కలిసి కట్టిన మాటలే. ఆయన బడిలో ఐదో తరగతి దాటలేదు. అయినా ఆ పాఠాల్లో సగం ఆయనవే అంటే నాకేం అభ్యంతరం లేదు.

ముప్ఫై ఒక్కమంది చేరారు ఆ బ్యాచ్‌లో. సత్తెనపల్లి అవతల మిరప వేసిన పేరయ్య కల్లంలో కాయల మధ్య కూర్చునే పాఠం వినేవాడు. ఘాటుకి తుమ్ములొస్తే, తుమ్మడానికి మైకు ఆపాలని కూడా సౌజన్యే నేర్పింది. పక్క సందులో జాకెట్లు కుట్టే నస్రత్ కూడా ఉండేది. వీళ్లందరికీ మగ్గం చప్పుడు అలవాటే. రెండో రోజునే ఎవరో "మేడమ్, ఏంటా టకటకా?" అని అడిగితే, "మీ మేడమ్‌కి మా నాన్న పాఠం చెబుతున్నాడు" అని నవ్వించింది. తండ్రి పిలిస్తే వినపడాలని ఇయర్‌ఫోన్ ఒక్క చెవికే పెట్టుకునేది. ప్రతి పాఠమూ లాప్‌టాప్‌లో రికార్డయ్యేది.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం. మాణిక్యమ్మ నూలు తెచ్చేందుకు, చీరలు కూలికి నేయించుకునే మాస్టర్ వీవర్ ఇంటికి వెళ్లింది. పదకొండు దాటింది. ఆ రోజు పాఠం పింగ్.

"పింగ్ అంటే ఏం లేదండీ," అని మొదలుపెట్టింది సౌజన్య. "ఒక కంప్యూటర్ ఇంకో కంప్యూటర్‌ని 'ఉన్నావా?' అని పిలవడం. అది 'ఉన్నా' అనడం. అందులో కబురేమీ ఉండదు. ఉన్నావో లేదో చూసుకోవడం, ఎంతసేపట్లో పలికావో లెక్క చూసుకోవడం, అంతే. మా నాన్న రోజూ చేసే పనే..."

మాట పూర్తి కాకుండానే ముందుగదిలోంచి కేక వచ్చింది. "అమ్మాయ్!"

క్లాసంతా గొల్లుమంది. సౌజన్యకీ నవ్వాగలేదు. అడిగి తెప్పించుకున్నా అంత సరిగ్గా కుదరదు. "ఇదిగోండి, వచ్చింది పింగ్!"

"పలకండి మేడమ్, పాపం పెద్దాయన," అన్నాడు పేరయ్య.

"పలుకుతానండీ. పలక్కపోతే ఏమవుతుందో కూడా చూద్దాం, అదీ పాఠమే కదా. జవాబు రాకపోతే కంప్యూటర్ ఊరుకోదు, మళ్ళీ పిలుస్తుంది. మన కంప్యూటర్లలో మామూలుగా నాలుగుసార్లు పిలుస్తుంది. లెక్కపెట్టండి."

"అమ్మాయ్!"

"రెండు," అన్నారు నలుగురైదుగురు.

మూడోది రావడానికి కొంచెం ఆలస్యమైంది. గొంతు కూడా తగ్గింది. "మాణిక్యం..."

సౌజన్య ఒక్క క్షణం తలెత్తింది. ఆ పేరు ఆ గొంతులో ఆమె ఎప్పుడూ వినలేదు. లేవాల్సింది. కానీ పాఠం మంచి ఊపులో ఉంది, అందరూ చెవులప్పగించి వింటున్నారు, నోట్లోకి చమత్కారం కూడా వచ్చేసింది. "చూశారా! ఒక అడ్రస్ నుంచి జవాబు రాకపోయేసరికి మా నాన్న ఇంకో అడ్రస్‌కి పంపిస్తున్నాడు!" మళ్ళీ నవ్వులు. "ఇంకొక్కటి. నాలుగోది కూడా రానివ్వండి, అప్పుడు వెళ్లి పలుకుతా."

అందరూ ఎదురుచూశారు. నాలుగోది రాలేదు.

"అంతే. దీన్నే రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ అంటారు," అని చెప్పి, సౌజన్య తర్వాతి పాఠంలోకి వెళ్లిపోయింది. రౌటర్ ఆపి ఆన్ చేస్తే ఏమవుతుందో పాతిక నిమిషాలు చెప్పింది. మగ్గం చప్పుడు లేదన్న సంగతి ఆమెకి తట్టలేదు. ముప్ఫై ఒక్కమందిలో ఇంకెవరికీ తట్టలేదు.

క్లాసయ్యాక గ్లాసుతో మజ్జిగ తీసుకుని వెళ్లింది. రోశయ్య నేసిన చీర మీదకి ఒరిగి ఉన్నాడు. నాడె చేతిలోనే ఉంది. మజ్జిగ గ్లాసు ఎక్కడ పెట్టిందో, ఎవర్ని కేకేసిందో సౌజన్యకి ఇప్పటికీ గుర్తులేదు. పక్కింటివాళ్లు గుంటలోంచి ఆయన కాళ్లు పైకి తీయడం ఒక్కటే గుర్తుంది.

ఆస్పత్రిలో డాక్టర్ మెల్లగానే అడిగాడు. "నొప్పి ఎప్పుడు మొదలైందమ్మా?" సౌజన్య నిమిషాలతో సహా చెప్పగలదు, రికార్డింగులో ఉంది. "ఓ అరగంట ముందు తెచ్చినా చూసేవాళ్లం," అని ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

మాణిక్యమ్మ అడిగింది మాత్రం మూడో రోజున. ఏడుపు మధ్యలో, గోడకి జేరగిలబడి. "ఊరికేనే పదిసార్లు పిలిచేవాడే. ప్రాణం మీదకొస్తే పిలవడా? నీకు వినపళ్లేదా?"

"లేదమ్మా. రెండు చెవులకీ పెట్టుకున్నా."

"నేనైనా ఇంట్లో లేకపోతిని. ఆ మాస్టర్ వీవర్ ఇంట్లో కూర్చుని సొల్లు కబుర్లు చెప్పుకుంటా ఉన్నా," అని మాణిక్యమ్మ తల బాదుకుంది. తల్లి తనని తాను తిట్టుకుంటుంటే, నిజం తెలిసిన పిల్ల పక్కనే కూర్చుని ఆమె చేతులు పట్టుకుని ఆపింది. అంతకంటే నీచమైన పని తన జీవితంలో ఇంకోటి చేయలేదని సౌజన్య నమ్మకం. ఆ ఒక్క సంగతిలో ఆమెతో వాదించడం నా వల్ల కాదు.

పెద్దకర్మ అయిపోయింది. మగ్గం మీద సగం నేసిన చీరని కోయనివ్వలేదు మాణిక్యమ్మ. మాస్టర్ వీవర్ రెండుసార్లు మనిషిని పంపి, మూడోసారి ఊరుకున్నాడు. సౌజన్య మళ్ళీ పాఠాలు మొదలుపెట్టింది. కొత్త బ్యాచ్‌కి కండెలూ చెప్పింది, పన్నె చెప్పింది, తలుపు నంబర్లు చెప్పింది. పింగ్ దగ్గరికొచ్చేసరికి "ఇది మీకంత అవసరం లేదులెండి" అని దాటేసేది. పాత రికార్డింగు లాప్‌టాప్‌లో ఒక మూలన అలాగే ఉంది. తెరవడానికి ధైర్యం లేదు. చెరిపేయడానికి చెయ్యి రాలేదు, అందులో అమ్మ పేరుంది. ముప్ఫై ఏళ్ల కాపురంలో అమ్మని నాన్న పేరు పెట్టి పిలిచిన పిలుపు ఆ ఒక్కటే. అది అమ్మ సొత్తు. దాన్ని దొంగసొత్తులాగా తన దగ్గర దాచుకుంది.

దసరా వెళ్లిన వారం మాణిక్యమ్మ జాకెట్టు కుట్టించుకోవడానికి నస్రత్ దగ్గరికి వెళ్లింది. అక్కడ ఏదో మాటల్లో కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఫొటో ఉందే, దానికి దండేసుకుంటున్నా. గొంతే లేదే నస్రత్. ఎట్టా ఉండేదో మరిచిపోతానేమోనని భయంగా ఉంది."

నస్రత్ ఎనిమిది నెలలుగా నోరు కుట్టుకుని ఉంది. సౌజన్యతో కూడా ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే ఆ రోజు తనూ నవ్విన సంగతి ఎత్తాలి. కానీ ఆ ఏడుపు చూశాక ఆగలేకపోయింది. "గొంతుంది పిన్నీ. సౌజన్య పాఠంలో పడింది," అనేసి, నాలిక కరుచుకుంది.

మాణిక్యమ్మ జాకెట్టు గుడ్డ అక్కడే వదిలేసి ఇంటికొచ్చింది. "ఆయన గొంతుందంట కదే! ఎనిమిది నెలల్నుంచి ఒక్క మాట చెప్పకపోతివి. పెట్టు, వింటా."

"వెతకాలమ్మా," అంది సౌజన్య. "రేపు పెడతా."

ఆ సాయంత్రం తలుపేసుకుని రికార్డింగు తెరిచి, దానికో కాపీ తీసుకుంది. ఎక్కడ ముందు కోయాలో, ఎక్కడ వెనక కోయాలో ఆమెకి తెలుసు. పది నిమిషాల పని. నవ్వులన్నీ కోసేసింది. "అమ్మాయ్"లు రెండూ కోసేసింది. తన గొంతు మొత్తం కోసేసింది. చివరికి మిగిలినవి నాలుగు సెకన్లు, అందులో ఒక్క మాట.

మర్నాడు మధ్యాహ్నం అన్నాలయ్యాక తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని అది నొక్కింది.

"మాణిక్యం..."

"ఆఁ," అంది మాణిక్యమ్మ.

ఆలోచించి అన్న మాట కాదు. పక్కగదిలోంచి పిలిస్తే పలికినట్టే పలికింది. పలికాక తనే ఉలిక్కిపడి, కొంగు నోటికడ్డం పెట్టుకుంది. మొహమంతా ఎర్రబడింది. యాభై ఐదేళ్ల మనిషి, ఎనిమిది నెలల కింద మొగుడు పోయిన మనిషి, కొత్త పెళ్లికూతురిలా సిగ్గుపడుతుంటే చూడలేక సౌజన్య తల తిప్పుకుంది.

"మళ్ళీ పెట్టవే."

మళ్ళీ పెట్టింది. మాణిక్యమ్మ మళ్ళీ పలికింది. నాలుగుసార్లు, ఐదుసార్లు. ఆ తర్వాత మెల్లగా ఆమె మొహంలో సిగ్గు పోయి ఇంకేదో వచ్చింది. "ఎప్పుడే ఇది? దేనికి పిలిచాడే? నన్ను పేరెట్టి పిలిచే మనిషి కాదే మీ నాన్న."

ఒక అబద్ధం చెప్పొచ్చు. ఏదో పండగ రోజు, ఏదో సరదాకి అనొచ్చు. తల్లి నమ్మేది కూడా. అబద్ధం నోటిదాకా వచ్చింది. కానీ ఒకసారి చెప్పిన అబద్ధమే ఎనిమిది నెలలుగా మింగుడు పడక గొంతులో ఉంది. దాని మీద ఇంకోటి పెట్టే చోటు లేదు. సౌజన్య కోయని రికార్డింగు తెరిచి, ఆ చోటికి జరిపి నొక్కింది.

మాణిక్యమ్మ మొత్తం విన్నది. మొదటి అమ్మాయ్, నవ్వులు. లెక్కపెట్టండి అన్న కూతురి గొంతు. రెండో అమ్మాయ్. తన పేరు. ఇంకో అడ్రస్ అన్న చమత్కారం, మళ్ళీ నవ్వులు. ఆ తర్వాత అందరూ కలిసి ఎదురుచూసిన ఆ నిశ్శబ్దం. నాలుగోది వస్తుందేమోనని మాణిక్యమ్మ కూడా లాప్‌టాప్ మీదకి వంగింది.

రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ అన్నాక సౌజన్య ఆపేసింది.

మాణిక్యమ్మ లాప్‌టాప్ మీదినుంచి తలెత్తింది. "వినపడిందన్నమాట."

"వినపడిందమ్మా."

"మరెందుకు పలకలేదే?"

"పాఠం చెబుతున్నానమ్మా."

తిడితే బాగుండేది. జుట్టు పట్టుకుని కొడితే ఇంకా బాగుండేది. మాణిక్యమ్మ లేచి, అన్నం తిన్న కంచాలు తీసుకుని పెరట్లోకి వెళ్లి తోముకుంది. తోమిన కంచాన్నే మళ్ళీ తోమింది. ఆ రోజునుంచి వారం రోజులు ఆ ఇంట్లో మాటల్లేవు. అన్నం పెట్టేది, నీళ్లు పెట్టేది, మొహం చూసేది కాదు. సౌజన్యకి తల్లి మీద కోపం రాలేదు. తండ్రి పోయిన రోజున రాని ఏడుపు మాత్రం ఆ వారమంతా వచ్చింది, స్నానాల గదిలో కొళాయి తిప్పుకుని ఏడ్చింది.

మంగళవారం పదకొండింటికి క్లాసు. కొత్త బ్యాచ్‌లో పేరయ్య మళ్ళీ చేరాడు. మొదటిసారి సగం తుమ్ముల్లో పోయిందట. తండ్రి పోయిన కబురు తెలిసినా, ఆ రోజు సంగతి ఆయన కూడా ఎత్తలేదు. సౌజన్య కండెలు చెబుతోంది. తండ్రి పోయినప్పట్నుంచి ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడం మానేసింది, లాప్‌టాప్ గొంతు ఇల్లంతా వినపడుతుంది.

"సౌజన్యా!"

ముందుగదిలోంచి. మాణిక్యమ్మ ఎప్పుడూ కేకేసి పిలిచే మనిషి కాదు, పనుంటే దగ్గరికొచ్చి చెప్పే మనిషి. సౌజన్య మాట మధ్యలో వదిలేసి పరిగెత్తింది. గడప తగిలి మోకాలు చీరుకుపోయినా చూసుకోలేదు. ముందుగదిలో మాణిక్యమ్మ మగ్గంలో కూర్చుని ఉంది, ఆయన చోట్లో, కాళ్లు గుంటలో పెట్టుకుని. సగం నేసిన చీర మీద చెయ్యి ఉంది.

"అమ్మా! ఏమైందమ్మా? నొప్పా? ఎక్కడ?"

"ఏం లేదు."

"మరి?"

మాణిక్యమ్మ వారం తర్వాత మొదటిసారి కూతురి మొహంలోకి చూసింది. "ఊరికే. పలుకుతావో లేదోనని."

సౌజన్య గుంట గట్టు మీద కూలబడింది. మోకాలి నుంచి రక్తం కారుతోంది. మాణిక్యమ్మ చీరకొంగు చింపబోయి, ఆగి, మగ్గం కింద పడి ఉన్న పాత గుడ్డపీలిక తీసి గట్టిగా కట్టింది. ఏడవకే అని ఆమె అనలేదు. తనూ ఏడవలేదు.

లోపల లాప్‌టాప్‌లోంచి పేరయ్య గొంతు వినపడింది. "మేడమ్, ఉన్నారా?"

ఇద్దరూ విన్నారు. ఎవరూ కదల్లేదు.

"మేడమ్?"

సౌజన్య కళ్లు మూసుకుంది.

"మేడమ్, ఉన్నారా?"

"వెళ్లి పలకవే," అంది మాణిక్యమ్మ, ముడి బిగిస్తూ. "నాలుగోసారి దాకా ఉండమాక."